మొరాయించిన పిస్తోలు



యుద్ధచరిత్రలు వ్రాయువారు సేనానుల పేర్లను, కోటల పేర్లను విడువక వ్రాయుదురు. పలుచని ఉక్కు రేకుతో చేసిన ఒక చిన్న పెట్టె ఎందరి ప్రాణములను నిలిపినదో, ఎందరి ప్రాణములను తీసినదో వ్రాయువారు అరుదు. పిస్తోలులో తూటాలను దాచి, ఒక్కొక్కటిగ పైకందించు ఆ పెట్టెకు మాగజైనని పేరు. నేడు నేను ముచ్చటింపబూనినది దానిని గురించియే.

రివాల్వరునకు ఈ చిక్కు లేదు. దాని చక్రములో ప్రతి తూటాకును వేరువేరు అర కలదు. ఒకటి పేలకున్నను మీటను మరల నొక్కిన చాలును. చక్రము తిరిగి వేరొక తూటా ఎదుటికి వచ్చును. తనంతట తానే తూటాను ఎక్కించుకొను పిస్తోలు మార్గము వేరు. పేలిన తూటా వెనుకకు తన్ను బలముననే దాని పైభాగము వెనుకకు జరిగి ఖాళీ గుల్లను విసరివేయును. పిమ్మట స్ప్రింగు బలముచే ముందునకు వచ్చుచు, పెట్టెలోని క్రొత్త తూటాను గొట్టములోనికి త్రోయును. ఇదంతయు రెప్పపాటులో జరుగవలెను. 1884లో మాక్సిము దొర ఈ వెనుకపోటును మరతుపాకియందు వినియోగించెను. 1893లో హ్యూగో బోర్ఖార్టు దానిని పిస్తోలునకు దెచ్చి, ఎనిమిది తూటాల పెట్టెను పిడిలోపలనే అమర్చెను.

తూటా చేయవలసిన ప్రయాణము అంగుళములలో కొలువదగినది. అందలి గండములు మాత్రము పెక్కు. పెట్టె పైయంచులను పనివారు పెదవులందురు. అవి ఏమాత్రము వంగినను తూటా ముక్కు క్రిందికి వ్రాలును, లేదా నిక్కి నిలుచును. అడుగున నుండు స్ప్రింగు అలసినచో తూటా పైకి వచ్చులోపలనే పైభాగము దాటిపోవును. మందు బలహీనమైనచో పైభాగము పూర్తిగ వెనుకకు పోక తూటాను అందుకొనజాలదు. ఇక మట్టి, ఇసుక, గడ్డకట్టిన నూనె చేయు చేటు చెప్పనక్కరలేదు.

1896 నాటి మౌజరు పిస్తోలు ఈ గండములలో కొన్నింటిని తప్పించుకొనెను. దాని పెట్టె మీటకు ముందు, శరీరములోనే కలిసియుండెను; పది తూటాలను ఒక రేకుపట్టీనుండి పైనుండి దింపుదురు. ఊడదీయు పెట్టె లేదు గనుక జారిపడి పెదవులు వంగు భయము లేదు. చీపురుకట్ట పిడియని లోకులు నవ్విరి గాని, అందము తక్కువైనను బుద్ధి తక్కువ కాదని నా తలంపు. మన దేశచరిత్రలోను దానికి తావు కలదు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రొడ్డా కంపెనీ సరకునుండి విప్లవకారులు అపహరించినవి 50 మౌజరు పిస్తోళ్లు, 46,000 తూటాలు. మరుసటి యేడు బాలాసోరు పోరాటమున జతీంద్రనాథ ముఖర్జీ చేత నున్నది మౌజరే.

జర్మను సైన్యము 1908లో గైకొన్న లూగరు కథ వేరు. దాని పిడి వాలుగా నుండి చేతికి హాయిగొలుపును. కాని తూటాలు ఆ వాలుననే వేగముగ పైకెక్కవలెను గనుక పెట్టె స్ప్రింగు మిక్కిలి బిఱుసుగా నుండవలసివచ్చెను. బొటనవ్రేలితో కడపటి తూటాలను దిగద్రొక్కుట కష్టమగుటచే, పిస్తోలుతోపాటు ఒక చిన్న పనిముట్టును గూడ ఇచ్చుచుండిరి. మొదటి ప్రపంచయుద్ధపు కందకములలో, సూక్ష్మముగ అమరిన దాని భాగములకు బురదయే ప్రబల శత్రువాయెను. శత్రువు ఎదుట నిలిచిన వేళ పిస్తోలు మొరాయించినచో ఆ సైనికునకు రెండవ అవకాశము దొరకుట అరుదు.

దోషమును కనుగొను పద్ధతి నాకు ముచ్చట గొలుపును. తర్కము చదివినవారు దానిని వెంటనే గుర్తింతురు. అది అన్వయ వ్యతిరేకములే. నేర్పరియైన ఆయుధకారుడు పెట్టెలన్నింటికి అంకెలు వేయును. మొరాయించిన పెట్టెను వేరొక పిస్తోలులో నుంచి, మందులేని ఉత్తి తూటాలతో చూచును. దోషము పెట్టెవెంట పోయినచో దోషి పెట్టె. పెట్టె మారినను దోషము పిస్తోలునే అంటియున్నచో అప్పుడు స్ప్రింగును, తూటా ఎక్కు వాలును పరీక్షించును. రెండును నిర్దోషములైనచో తూటాల రకమును మార్చును. ఒకేసారి రెండింటిని మార్చినచో ఏది కారణమో తేలదు. తొందరపాటుగాండ్రు మొదటనే ఆకురాయి పట్టి ఆ వాలును అరగదీయుదురు. గుఱ్ఱము మేయకున్న గడ్డిని చూడక గుఱ్ఱమును కొట్టినట్లే ఇది; అరగిన ఉక్కు మరల రాదు గదా!

అమెరికా సైన్యము మాటలను నమ్మక పరీక్షనే నమ్మెను. 1911 మార్చిలో జాన్ బ్రౌనింగు రూపొందించిన కోల్టు పిస్తోలును, దానితో పోటీపడిన సావేజి పిస్తోలును చెరి 6,000 తూటాలతో పరీక్షించిరి. గొట్టము కాగినపుడు చల్లార్చుచు, నడుమ నడుమ తుడిచి నూనె వేయుచు కాల్చిరి. సావేజి 37 మారులు తప్పెను. కోల్టు ఒక్కమారైనను తప్పలేదు. మార్చి 29న సైన్యము దానిని గైకొనెను. అందలి పెట్టెలో పట్టునవి ఏడే తూటాలు. తొలినాళ్లలో ఆ పెట్టె అడుగున ఒక చిన్న వలయముండెడిది. గుఱ్ఱముపై పోవు రౌతు పెట్టెను జారవిడువకుండ దానికి త్రాడు తగిలించుకొనెడివాడు.