తాళమును తాళపుచెవియును



మన దేశమున తపాలా కార్డు 1879వ సంవత్సరమున వాడుకలోనికి వచ్చినది. అది చవక. అయినను మన పెద్దలు దానిని వాడుటలో ఒక మర్యాద పాటించిరి. క్షేమసమాచారమును, పండుగకు రమ్మను పిలుపును కార్డుమీద వ్రాసెడివారు. అప్పుసంగతి, పిల్ల సంబంధము, దాయాదుల తగవు మాత్రము కవరులో పెట్టి అంటించి పంపెడివారు. కార్డును దారిలో ఎవరైనను చదువవచ్చును. కవరు చేరవలసినవాడే విప్పవలెను. ఈ భేద మెరిగినవారికి నేటి నా ప్రసంగ విషయము బొత్తిగా క్రొత్తది కాదు.

పట్టణములందును విదేశములందును ఉద్యోగములు చేయు బిడ్డలు పల్లెలోని తల్లిదండ్రులకు ల్యాప్‌టాపులు కొని పంపుచున్నారు. దానిలో మనుమల ముఖములు చూతుము. బ్యాంకు నిలువ చూతుము. అడంగలు, పహాణీ నకళ్లు చూతుము. పూర్వము భోషాణములో దాచిన దంతయు ఈ పలుచని పెట్టెలోనికి వచ్చి చేరినది. దీనికి తాళ మెట్లు వేయవలెనో తెలిసికొనుటకు నాకు చరిత్రను మించిన గురువు కనబడలేదు. కావున కొన్ని పాతకథలు మనవి చేసెదను.

మొదటిది స్కాట్లండు రాణి మేరీ కథ. ఆమె ఇంగ్లండున బందీగా నుండగా, 1586లో, ఎలిజబెత్ రాణిని చంపి ఈమెను విడిపింపదలచిన బాబింగ్టన్ అను యువకునితో ఉత్తరప్రత్యుత్తరములు నడపెను. ఉత్తరములు సంకేతాక్షరములతో వ్రాసి బీరు పీపాలలో దాచి పంపెడివారు. ఆ దారి భద్రమని ఇరువురును నమ్మిరి. కాని ఆ దారి ఎలిజబెత్ మంత్రి వాల్సింగ్‌హామ్ చారులు పన్నినదే! ప్రతి యుత్తరమును వారు నడుమనే విప్పి చదువుచుండిరి. ఫెలిప్స్ అను నిపుణుడు అంతటితో ఆగక, మేరీ వ్రాసిన యుత్తరము చివర అదే సంకేతములో కొన్ని పంక్తులు తాను కల్పించి చేర్చి, కుట్రలోని ఆరుగురి పేర్లు తెలుపుమని అడిగెను. 1587 ఫిబ్రవరి 8వ తేదీన మేరీకి శిరచ్ఛేదము జరిగెను.

కుట్ర మంచిచెడ్డల విచారణ మనకు వలదు. మిత్రుని పేరున శత్రువు వ్రాయగలడను మాట మాత్రము గ్రహింపవలెను. నేడు బ్యాంకు పేరున, కరెంటు ఆఫీసు పేరున, ఒక్కొక్కప్పుడు కన్నకొడుకు పేరున వచ్చు బూటకపు సందేశములు ఆ కల్పిత పంక్తుల సంతతియే. వానిలోని లింకు నొక్కరాదు. అనుమానము కలిగినచో పాసుపుస్తకముమీది నంబరుకు మనమే ఫోను చేసి విచారింపవలెను. వచ్చిన దారిన పోక, మన మెరిగిన దారిన పోవుట క్షేమము.

రెండవది ఎనిగ్మా యంత్రము కథ. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను సైన్యము తన వార్తలను ఈ యంత్రముచే రహస్యలిపిలోనికి మార్చెడిది. దానిని అమర్చు విధములు కోటికోట్లకు దాదాపు 16 లక్షల రెట్లు! అయినను పోలండు గణితజ్ఞుడు రెయెవ్‌స్కీ 1932లోనే దాని మర్మమును కనిపెట్టెను. 1939 జూలైలో పోలండువారు తమ విద్యను ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని ఇచ్చిరి. పిమ్మట బ్లెచ్లీ పార్కున ట్యూరింగు మొదలగువారు ఆ కృషిని కొనసాగించిరి. వారి ప్రతిభ గొప్పది. యంత్రమునందును లోపములు లేకపోలేదు. కాని యంత్రము నడపువారి బద్ధకము వారికి చేసిన సాయము తక్కువది కాదు. ఏ అక్షరములనైనను ఎన్నుకొను స్వేచ్ఛ యుండగా కొందరు ఒకే అక్షరమును మూడుమారులు వాడిరి. కొందరు ప్రియురాలి పేరులోని అక్షరములు వాడిరి. ఊహింపదగిన చెవి పెట్టిన తాళమునకు ఎన్నికోట్ల అమరికలుండి ఏమి ప్రయోజనము?

ల్యాప్‌టాపు తెరచుటకు పెట్టు పాస్‌వర్డు అట్టి చెవియే. మనుమని పేరు, పుట్టిన సంవత్సరము, గ్రామదేవత పేరు పనికిరావు. అవి ఊరందరికిని తెలిసినవి. ఒకదాని కొకటి పొసగని నాలుగైదు మాటలు గుచ్చి పొడవుగా పెట్టిన యెడల మనకు జ్ఞాపకముండును, పరునికి అందదు. జ్ఞాపకము చాలనివారు పుస్తకములో వ్రాసి బీరువాలో దాచుట తప్పుకాదు. ల్యాప్‌టాపు మూతకే చీటి అంటించుట మాత్రము గడపమీద తాళపుచెవి ఉంచుట వంటిది.

మూడవ కథ ఈ పాస్‌వర్డుల పుట్టుకను గూర్చినది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో 1961లో కోర్బాటో మొదలగువారు ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. ఒకరి కాగితములు మరియొకరు చూడకుండుటకై ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపదము నియమించిరి. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన కాలము చాలక, ఆ పదముల పట్టీని అచ్చువేసి ఇమ్మని యంత్రమునే కోరెను. యంత్రము అచ్చువేసి ఇచ్చెను!

చెవిని మన మెంత జాగ్రత్తగా దాచినను, అవతలివారి యింట దాని నకలు దొంగలపాలు కావచ్చునని దీనివలన తెలియుచున్నది. కావున బ్యాంకునకు ఒక చెవి, ఈమెయిలునకు వేరొక చెవి ఉండవలెను. అందును ఈమెయిలు చెవి ముఖ్యము. తక్కినవి పోయినచో మార్చుకొను దారి తరచుగా దానిద్వారానే ఉండును.

ఈ విద్య కేవలము భయపెట్టునది కాదు. పూర్వము ఇరువురు రహస్యముగా వ్రాసికొనవలెనన్న ముందుగా చెవి నొకరి కొకరు అందజేసికొనవలసి వచ్చెడిది. 1976లో డిఫీ, హెల్మన్ అను ఇరువురు ఆ చిక్కును విప్పు మార్గమును ప్రకటించిరి. తెరచియున్న తాళము నొకదానిని నేను మీకు పంపితి ననుకొనుడు. మీ ఉత్తరమును పెట్టెలో నుంచి ఆ తాళము వేసి పంపుడు. వేయుటకు చెవి అక్కరలేదు. తీయు చెవి నాయొద్దనే యుండును. ఇంచుమించుగా ఇట్టి ఉపాయములవలననే నేడు మన బ్యాంకు పుట పేరుకు ముందు హెచ్.టి.టి.పి.ఎస్. అను అక్షరములుండును. దారిలో నెవ్వరును చదువరని వాని అర్థము. అవతలివాడు సజ్జనుడని మాత్రము వాని అర్థము కాదు. దొంగయు మంచి తాళము కొనగలడు.

నాలుగవ కథ ఇటీవలిది. 2017 మార్చి నెలలో మైక్రోసాఫ్టు సంస్థ తన విండోస్‌లోని ఒక లోపమునకు మరమ్మతు పంపెను. దానిని వేసికొనక ఉపేక్షించినవారు ఎందరో. మే 12వ తేదీన వన్నాక్రై అను దుష్టసాధనము లోకముమీద పడి, ఫైళ్లకు తాళములు వేసి, తీయుటకు సొమ్మడిగెను. ఇంగ్లండున ఆసుపత్రులు చిక్కుపడెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కొన్ని కంప్యూటర్లును దాని పాలబడెను. వానకాలమునకు ముందే కప్పు నేయించుకొనుట మన మెరిగినదే. ల్యాప్‌టాపు ‘అప్‌డేట్’ అని అడిగినపుడు రేపనక చేయింపవలెను.

ఇక చట్టము మాట. 2017 ఆగస్టు 24వ తేదీన మన సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. ముసలివాని పెట్టెలో దాచుటకేమున్నదని నవ్వువారికి ఇది ప్రత్యుత్తరము. దోషియే దాచునని కాదు. గౌరవముగల గృహస్థునికి తలుపు ఉండును.

అయితే గోప్యతను తలక్రిందుచేయు మోసమొకటి బయలుదేరినది. 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున దానిని గూర్చి దేశమును హెచ్చరించిరి. పోలీసు దుస్తులతో వీడియోలో కనబడి, “నీపై కేసున్నది, గది కదలకుము, ఇంటివారికి సైతము చెప్పకుము” అని బెదరించి, జీవితకాలపు కూడికను లాగుదురు. దీనినే ‘డిజిటల్ అరెస్టు’ అందురు. మన చట్టములలో అట్టి అరెస్టు లేనే లేదు. ఇట్టివాడు తటస్థించినచో ఫోను పెట్టివేసి, వెంటనే ఇంటివారిని పిలువవలెను. సొమ్ము పోయినచో సిగ్గుపడక 1930 నంబరుకు తక్షణమే తెలుపవలెను; ఎంత త్వరపడిన సొమ్ము ఆపుటకు అంత అవకాశము.

మన మంతట మనము కాపాడుకొను రహస్యము మన సొత్తు. అపరిచితుడు మనపై విధించు రహస్యము సంకెల. పాస్‌వర్డు, ఓటీపీ ఎవ్వరికిని చెప్పకుడు; ఎవ్వరికిని చెప్పవద్దన్న బెదరింపును మాత్రము పదిమందికిని చెప్పుడు.