పనివాని సముద్రయానము

చేతిలో విద్య గల పనివాడు పరదేశమునకు పోదలచినచో, తన పనితనమునకు సాక్ష్యముగా నేడు ఎన్నో పత్రములు చూపవలెను. కాని పని తెలియునన్న సంగతినే దాచుకొని ఓడ ఎక్కవలసిన కాలమొకటి ఉండెను. అది పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండు కథ.

ఆనాడు నూలు యంత్రములు ఇంగ్లండునకు క్రొత్తగా అబ్బిన సంపద. దాని మర్మము అన్యులకు దక్కరాదని ప్రభుత్వము తలచెను. 1718 నాటి శాసనము ప్రకారము, విదేశమునకు పోయిన చేతిపనివాడు హెచ్చరిక అందిన ఆరు నెలలలో తిరిగి రానిచో స్వదేశమున వారసత్వపు హక్కును కోల్పోవును. అట్టివానిని ఆశపెట్టి తీసికొనిపోయిన వానికి జరిమానా, చెరసాల. 1774లో నూలు పరిశ్రమ పనిముట్ల ఎగుమతిని సైతము నిషేధించిరి.

శామ్యూల్ స్లేటర్ 1768లో డెర్బీషైరులో ఒక రైతు ఇంట పుట్టెను. పదునాలుగేండ్ల ప్రాయమున తండ్రి మరణించగా, జెడిడయా స్ట్రట్ అను మిల్లు యజమాని వద్ద పని నేర్చుకొనుటకు కుదిరెను. ఒప్పందము ముగియునప్పటికి యంత్రముల నిర్మాణము, మిల్లు నిర్వహణము రెండును అతనికి కరతలామలకములు. కాని ఇంగ్లండులో ఈ వ్యాపారము త్వరలో కిక్కిరిసిపోవునని అతనికి తోచెను. అమెరికాలో నూలు యంత్రములు చేయువారికి బహుమానము లిచ్చుచున్నారని పత్రికలో చదివెను.

1789 సెప్టెంబరులో అతడు బయలుదేరెను. చిత్తుపటములు గాని, నమూనాలు గాని వెంట గొనిపోలేదు. యంత్రభాగములన్నియు మనస్సులోనే ఉండెను. వ్యవసాయపు కూలివాని వేషము వేసెను. పని నేర్చిన ఒప్పందపత్రమును మాత్రము రహస్యముగా దాచుకొనెను. తల్లికి సైతము చెప్పలేదు. ఓడ ఎక్కబోవుచు ఆమెకొక లేఖ వ్రాసి తపాలాలో వేసెనని చరిత్రకారులు చెప్పుదురు. 66 దినముల ప్రయాణము తరువాత న్యూయార్కు చేరెను.

అచ్చట దొరికిన మొదటి కొలువు అతని విద్యకు తగినది కాదు. అందుచేత రోడ్ ఐలెండులోని మోజెస్ బ్రౌన్ అను వర్తకునకు లేఖ వ్రాసి, పాటకెట్ గ్రామమునకు పోయెను. అచ్చటి యంత్రములను చూచి, ఇవి పనికిరావని నిష్కర్షగా చెప్పెను. ఒక వడ్రంగి, ఒక కమ్మరి తోడురాగా క్రొత్తవి కట్టసాగెను. కాని దూదిని ఏకు యంత్రము దారికి రాలేదు. ఏకిన దూది ఉండలు కట్టుచుండెను. ఆడిన మాట తప్పువాడనగుదునే అని ఆ యువకుడు కుమిలిపోయెనట. తోలులో గ్రుచ్చిన ఇనుపముళ్ళ వంపులోనే లోపము కలదని తుదకు తెలిసెను. దానిని సరిచేయగా, 1790 డిసెంబరులో కదుళ్ళు తిరుగసాగెను. వానివద్ద పనిచేసిన తొలి కార్మికులు తొమ్మండుగురు చిన్నపిల్లలన్న సంగతిని కూడ చరిత్ర మరువరాదు.

డెర్బీషైరు ప్రజలు అతనిని ద్రోహి అనిరి. అమెరికా వారు తమ యంత్రపరిశ్రమకు పిత అనిరి. పనితనము దేశపు సొత్తా, నేర్చిన చేతుల సొత్తా? పెట్టెలను సోదా చేయవచ్చును గాని మనస్సును సోదా చేయుట ఎవరి తరము? ఈ సత్యము గ్రహించియే కాబోలు, 1824లో పార్లమెంటు పనివారిపై నిషేధమును ఎత్తివేసెను.

మన దేశమున 1983లో చేసిన వలసల చట్టపు దృష్టి వేరు. పనివానిని కట్టివేయుటకు గాక, మోసగించు దళారులను అదుపు చేయుటకు, నమోదు పొందని ఏజెంటు ఎవరిని గాని విదేశములలో కొలువునకు కుదుర్చరాదని అది విధించెను. చట్టము ఇంతవరకు కాపాడగలదు. అటుపైన కాపాడవలసినది విద్యయే. గల్ఫు దేశములకు పోదలచిన మన యువకుడు ప్రయాణమునకు ముందు తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: ‘పరాయిచోట, తెలియని పనిముట్లతో, నేర్చిన పనిని మొదటి నుండి నిలబెట్టగలనా?’ నిలబెట్టగలనని తోచిననాడు ఆ మాట మొదట తల్లికి చెప్పి, ఆమె దీవెనతో బయలుదేరవచ్చును. స్లేటరునకు ఆ భాగ్యము లేకపోయెను.