పద్మిని ఇన్నాళ్ళు ఎలా బతికింది?

పాత కారు ఉంచుకున్నవాళ్ళని చూసి మన ఆఫీసుల్లో నవ్వుతుంటారు, "ఈఎమ్ఐలో కొత్తది వస్తుంటే ఈ గోలెందుకు?" అని. ఆ గోలకి కాస్త చరిత్ర ఉందండీ.

ఇటలీవాళ్ళ ఫియట్ 1100ని ప్రీమియర్ కంపెనీ బొంబాయి కుర్లాలో తయారుచేసింది. 1964లో డిలైట్, 1974 నుంచి పద్మిని. పేరు మారింది గానీ ఆ 1089 సీసీ ఇంజనే కొనసాగింది. లైసెన్స్ రాజ్‌లో కారు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. అలా దొరికినదాన్ని వదులుకోలేక బాగుచేయించుకుంటూ నడిపేవాళ్ళు. ఇప్పుడు మనం సరదా అనుకుంటున్న ఈ మరమ్మతులకి పునాది కొరతే.

పైగా అది విప్పితే అర్థమయ్యే బండి. పాయింట్లని గరుకు కాగితంతో రుద్ది, కార్బురేటర్ జెట్ విప్పి ఊదితే చాలా రోగాలు కుదిరేవి. ఎర్రర్ కోడ్‌లు లేవు. డాక్యుమెంటేషన్ అంతా మెకానిక్ చెవుల్లో, వేళ్ళలో ఉండేది.

1983లో మారుతి 800 వచ్చింది, తర్వాత పద్మిని తయారీ ఆగిపోయింది. అయినా ముంబై టాక్సీలు తిరిగినన్నాళ్ళూ సామాన్లకి గిరాకీ ఉండేది. 20 ఏళ్ళ వయోపరిమితి వల్ల 2023 అక్టోబరు 30 నుంచి అవీ లేవు.

50 ఏళ్ళు దాటిన కార్లకి 2021లో కేంద్రం 'వీఏ' నంబర్లు తెచ్చింది. మంచిదే, కానీ నంబరు ప్లేటు బండిని నడపదు కదా! పాయింట్ గ్యాప్ సరిచేయగలిగినవాళ్ళు నాకు తెలిసి అందరూ నాన్నగారి వయసువాళ్ళే. మీ ఊళ్ళో అలాంటి మెకానిక్ ఉంటే, ఆయన పని చేస్తుండగా ఒక వీడియో తీసి ఉంచండి. ఈ లెగసీ సిస్టమ్‌కి మిగిలే మాన్యువల్ అదే.