పత్తి, ఆముదం, పాత కారు సీటు

గుంటూరు, కృష్ణా ప్రాంతాల పాత పత్తి ఒకప్పుడు ‘కోకనాడ’ పేరుతో విదేశాలకు వెళ్లేది. పొట్టి పింజ, కాస్త ఎర్రటి ఛాయ. 1970ల్లో వరలక్ష్మి వంటి సంకర రకాలు వచ్చాకే ఈ నల్లరేగడిలో పొడుగు పింజకు పట్టం దక్కింది. ఈ పంటకు మోటారు కారు లోపలి భాగంతో దగ్గర చుట్టరికం ఉంది. పాత కారును ఇంటి దగ్గరే బాగుచేసుకునేవారు ముందు దాన్ని గుర్తించాలి.

1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త పత్తిని ఆమ్లాల్లో ముంచి పేలుడు పదార్థం తయారుచేసే పద్ధతిని లోకానికి చాటాడు. అదే జాతి పదార్థాన్ని తరువాతివాళ్లు ద్రావకాల్లో కరిగించి, రంగూ ఆముదమూ కలిపి, నూలుగుడ్డ మీద పొరలు పొరలుగా పూశారు. ఆముదం లేకపోతే పూత పెళుసెక్కి పగిలిపోయేది. అమెరికాలో దాన్ని ఫాబ్రికాయిడ్ అన్నారు. ఆ పేరుగల కంపెనీని 1910లో డ్యూపాంట్ కొనేసింది. ఇంగ్లండులో మాంచెస్టర్ పక్కనున్న హైడ్ ఊళ్లో తయారైనదే రెక్సిన్. అంటే గుడ్డ పత్తి, పూత పత్తి, మెత్తదనం మెట్టపొలాల ఆముదం. తోలు పేరుతో చలామణీ అయిన ఇంత చక్కని పంట సరుకు మరొకటి లేదు! తర్వాత పీవీసీ ఆ పూతను పక్కకు నెట్టింది.

సీటు లోపల మరో కథ. పాతకాలపు సీట్లలో స్ప్రింగుల మీద గోనె, దానిపై కొబ్బరి పీచు, ఆపైన దూది పరిచేవారు. దూది ఏకి పరుపులు కుట్టే విద్య ఇక్కడ దూదేకుల కుటుంబాలది. దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలోనూ వాళ్ల ప్రస్తావన ఉంది. దూదిని ఉండకట్టకుండా సమంగా పరచడం పరుపుకైనా సీటుకైనా ఒకటే నేర్పు.

అంబాసిడర్ 1957లో మొదలై 2014లో ఆగింది. ఇప్పుడు ఉన్న సీటునే నిలబెట్టుకోవాలి. రెంటచింతల ఎండలో నిలిపిన కారులో మొదట చెడేది పైన కనిపించే రెక్సిన్, దాని కుట్లు. తలుపు లోపలి అట్టకు మాత్రం వాన శత్రువు. చెమ్మ తగిలితే ఉబ్బి, మేకులు వదిలేస్తుంది. ఉబ్బినదాన్ని సరిచేయాలని చూడటం వృథా. దాని కొలతకే కొత్త అట్ట కోయించడం మేలు.

చిరిగిన కవరును పారేయకూడదు. కుట్లు కత్తిరించి ముక్క ముక్కగా విడదీసి, ఏది ఎక్కడిదో సుద్దతో రాసుకుంటే అవే అచ్చులు. పాత ముక్క సాగిపోయి ఉంటుంది కనుక కళ్లు మూసుకుని గీయకుండా స్ప్రింగుల చట్రం మీద ఓసారి సరిచూడాలి. వెనక అల్లికగుడ్డ ఉన్న రెక్సిన్ బాగా సాగుతుంది, గుండ్రటి మూలలకు పనికొస్తుంది; పాత కార్ల నిలువు గీతల సీటుకు మాత్రం నేతగుడ్డ వెనకున్నదే బిగువుగా కూర్చుంటుంది. తొడిగే ముందు కాసేపు ఎండలో పరిస్తే మెత్తబడి మడతలు లేకుండా వస్తుంది.

రూఫ్ లైనింగు చివరి పరీక్ష. అది వంపు కడ్డీలకు వేలాడుతుంది, ఒక్కో కడ్డీ పొడవు ఒక్కో తీరు. తీసేటప్పుడే ముందు నుంచి వెనక్కి అంకెలు వేసుకోకపోతే మళ్లీ ఎక్కించేటప్పుడు గుడ్డ ఒకచోట వదులై, ఇంకోచోట చిరుగుతుంది.