గడప దగ్గర

పొద్దున ఆరున్నర. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. నాన్న మాత్ర వేసుకుని పది నిమిషాలైంది, నీళ్లతోనే. పాలతో వేసుకుంటే అందులోని మాంసకృత్తులు మందును సరిగ్గా ఒంటికి పట్టనివ్వకపోవచ్చు. అది పనిచెయ్యడానికి ఇంకో అరగంటైనా పడుతుంది. అంతసేపు నాన్న ఆగలేడు, బాత్రూముకి వెళ్లాలి.

ఒక్క ఊపున లేవనివ్వం. కాళ్లు కిందికి వేసి కాసేపు మంచం అంచున కూర్చుంటాడు. గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, పార్కిన్సన్స్ జబ్బులో అదో తంటా. ఇప్పుడు లేచాడు. నడుం ముందుకు వంగింది. చేతులు ఊగడం లేదు. నేలను రాసుకుంటూ చిన్నచిన్న అడుగులు. సర్ర్, సర్ర్.

గడప ముందు ఆ చప్పుడు ఆగిపోయింది.

మోకాళ్లు వణుకుతున్నాయి, పాదాలు మాత్రం బంక పెట్టి అతికించినట్టున్నాయి. ఒళ్లు ముందుకు తూలుతోంది, కాళ్లు రావడం లేదు. పడేది ఇలాంటప్పుడే. మెదడులో డోపమైన్ తగ్గాక నడక దానంతటది సాగదు. ఇరుకు దారి, గడప, మలుపు ఎదురైతే మరీను. ఇలా ముందుకు తూలిపోయే నడక గురించి లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే రాశాడు. చిత్రమేమిటంటే, మేడమెట్లు మాత్రం నాన్న చక్కగా ఎక్కుతాడు.

"రా నాన్నా" అంటూ తమ్ముడు చెయ్యి పట్టుకోబోయాడు.

"లాగకురా!"

పోయిన సంక్రాంతికి అలా లాగబట్టే పడ్డాడు. మణికట్టు విరిగింది.

అమ్మ పక్కకొచ్చి నిలబడింది. "ఆగండి. నిటారుగా నిలబడండి. బరువు ఈ కాలి మీద వెయ్యండి... ఇప్పుడు ఆ కాలి మీద. గీత కనపడిందా? దాటండి."

గడపకు అటూ ఇటూ మూరకొకటి చొప్పున సుద్దముక్కతో అడ్డగీతలున్నాయి. ఫిజియోథెరపీ అమ్మాయి రంగు టేపు అంటించమంది. రోజూ ముగ్గేసే చేతికి టేపెందుకంది అమ్మ. పిండైతే కాలు జారుతుందని సుద్ద పట్టింది.

నాన్న చూపు గీత మీద నిలిచింది. కుడికాలు లేచింది. ముందు మడమ ఆనింది. ఒకటి. రెండు. గడప దాటాడు.

బాత్రూము దగ్గర పక్కకి తిరగాలి. ఉన్నచోటే గిరుక్కున తిరిగితే కాళ్లు మెలికపడతాయి. అందుకే ఎడ్లబండి మళ్లించినట్టు వెడల్పుగా చుట్టి వస్తున్నాడు. ఇంతలో హాల్లో ఫోను మోగింది. అడుగు తడబడింది. ధ్యాస అటు పోతే కాలు ఆగిపోతుంది. అమ్మ కదల్లేదు. ఫోను మోగి మోగి ఊరుకుంది.

పాలు పొంగిన వాసన.