నల్లకోటుకు ఒక మెట్టు కింద

రేపల్లెలో డిగ్రీ పూర్తిచేసిన మా ఎదురింటి అమ్మాయి మొన్న ఒక కాగితం పట్టుకొచ్చింది. ఇగ్నో వారి పారాలీగల్ ప్రాక్టీస్ డిప్లొమా వివరాలు. ఇంటర్ చదివినవాళ్ళెవరైనా చేరవచ్చు, ఏడాది చదువు. "బాబాయ్, ఫీజు కట్టేద్దామనుకుంటున్నాను. ఇది చదివితే ఏమన్నా ఉద్యోగం వస్తుందా?" అని అడిగింది. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఈ మెట్టు మన దగ్గర ఎలా ఉండేదో, ఎలా పోయిందో, మళ్ళీ ఎలా వచ్చిందో చెబితే గానీ ఆ ఫీజు దండగో కాదో తేలదు.

పేరు కొత్తదే గానీ పని పాతది. పొద్దున పదింటికి తెనాలి కోర్టు దగ్గరో బాపట్ల కోర్టు దగ్గరో నిలబడి చూడండి. వకీలుగారు రాకముందే గుమాస్తా వచ్చేస్తాడు. చంకలో కేసు కట్టలు, జేబులో వాయిదాల డైరీ. వకాల్తా మీద సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపిస్తాడు. కోర్టు ఫీజు లెక్క చూస్తాడు. నకలుకు దరఖాస్తు పెడతాడు. "పెద్దాయనా, వాయిదా పద్దెనిమిదికి పడింది, ఆ రోజు తప్పకుండా రావాలి" అని చీటీ రాసి చేతిలో పెడతాడు. రిజిస్ట్రారాఫీసు బయట దస్తావేజు లేఖరిదీ అలాంటి విద్యే. సర్వే నంబరు, నాలుగు హద్దులు, వచ్చిన దారి, ఒక్క అక్షరం తప్పినా రెండు తరాలు కోర్టు చుట్టూ తిరగాలి. వీళ్ళలో చాలామంది ఈ పని కాలేజీలో నేర్వలేదు. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని నేర్చారు.

ఒకప్పుడు న్యాయవాద వృత్తిలో మెట్లు చట్టంలోనే ఉండేవి. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం ప్లీడర్లతోపాటు ముఖ్తార్లనూ రెవెన్యూ ఏజెంట్లనూ గుర్తించింది. మద్రాసు రాజధానిలో ప్లీడర్లకు మళ్ళీ మొదటి తరగతి, రెండో తరగతి. టంగుటూరి ప్రకాశం ఆ రెండో తరగతి మెట్టు మీదే కాలు మోపాడు. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆ ఇంటి పిల్లవాడికి బారిస్టరు చదువు మొదట్లోనే ఎక్కడ అందుతుంది? రెండో తరగతి ప్లీడరై రాజమండ్రిలో నిలదొక్కుకున్నాడు. ఆ తరగతివాళ్ళకు పై కోర్టుల్లో వాదించే హక్కు లేదు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చాడు. రాజమండ్రిలో తెచ్చుకున్న పేరూ డబ్బూ ఆ ప్రయాణానికి దన్నయ్యాయి. ఆయన పేరున్న బ్యారేజీ నీళ్ళే ఇవాళ మన తెనాలి, రేపల్లె కాలవల్లో పారుతున్నాయి.

1961లో అడ్వకేట్ల చట్టం వచ్చి ఆ తరగతులన్నీ తీసేసింది. ఇకమీదట ఒకే వర్గం, అడ్వకేటు. వకీళ్ళలో ఎక్కువ తక్కువలు పోవడం మంచిదే. కానీ దాంతోపాటు పేదింటి పిల్లలు ఎక్కే చిన్న మెట్టు కూడా పోయింది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అమెరికాలో అదే దశాబ్దంలో దీనికి తలకిందులుగా జరిగింది. వకీళ్ళ ఫీజులు సామాన్యుడికి అందకుండా పోతుంటే, లా ఆఫీసుల్లో రోజువారీ పని శిక్షణ పొందిన సహాయకులకు అప్పజెప్పాలని 1968లో అమెరికన్ బార్ అసోసియేషన్ ఒక కమిటీ వేసింది. అక్కడ పారాలీగల్ ఒక వృత్తిగా స్థిరపడింది. ఇప్పుడు వాళ్ళ మధ్యస్థ జీతం ఏడాదికి సుమారు 61 వేల డాలర్లు. చదువుకు పెట్టింది ఎప్పటికి తిరిగొస్తుందో అక్కడ లెక్క వేసుకోవచ్చు.

మన దగ్గర పారాలీగల్ అన్న మాట సేవ పేరుతో వచ్చింది. 1976లో రాజ్యాంగంలో 39ఎ అధికరణ చేరింది, పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించాలని. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టం చేశారు, అది 1995 నవంబరు 9న అమల్లోకొచ్చింది. 2009లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీర్ల పథకం పెట్టింది. టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పొదుపు సంఘాల మహిళలు, రిటైరైన ఉద్యోగులు, ఎవరైనా చేరవచ్చు. పదో తరగతి చాలు. కొద్దిరోజుల శిక్షణ. పనిచేసిన రోజుకు గౌరవ వేతనం, జీతం మాత్రం కాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. వాలంటీరు కావడానికి డిప్లొమా అక్కర్లేదు. కోర్టులో వాదించడానికి డిప్లొమా పనికిరాదు. అలాగని ఆ విద్యకు గిరాకీ లేదా అంటే, ఊరూరా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఇందిర క్రాంతి పథం కింద పల్లెటూరి యువకులకే భూచట్టాలు నేర్పి పారాలీగల్స్‌గా పెట్టింది. వాళ్ళు రికార్డు చదివి, చేను చూసి, తహసీల్దారాఫీసులో పేదల తరఫున అర్జీ నడిపారు. కోర్టుదాకా పోకుండా తెగే పేచీలు ఎన్ని ఉంటాయో అలాంటివాళ్ళకే తెలుసు.

డెల్టాలో కౌలు రైతు సంగతే చూడండి. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల కార్డు ఇస్తారు. భూమి యజమాని ఒప్పుకోవాలి. ఆ కార్డుతో తన హక్కు పోదని ఆసామికి నమ్మకం కలిగేలా, ఇద్దరి మధ్యా కూర్చుని నిదానంగా చెప్పే మనిషి కావాలి. అలాంటి మనిషికి ఒక పరీక్ష, ఒక గుర్తింపు, మండలానికొక ఉద్యోగం ప్రభుత్వం ఎందుకివ్వకూడదు? ఇస్తే ఈ డిప్లొమాకు ఆ రోజే విలువ వస్తుంది.

అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. "నల్లకోటు కావాలంటే లాసెట్ రాసి మూడేళ్ళ లా చదువమ్మా. ఈలోగా మండల న్యాయసేవా కమిటీలో వాలంటీరుగా చేరు. అక్కడ ఫీజు లేదు, పని వస్తుంది. ఆ తర్వాత కూడా డిప్లొమా కావాలనిపిస్తే అప్పుడు కట్టు."

"అడంగల్ చదవడం మీకొచ్చా బాబాయ్?" అంది.

ఫోనులో ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమి తెరిచాం. వాళ్ళ నాన్న పన్నెండేళ్ళుగా కౌలుకు చేస్తున్న చేను నంబరు కొట్టింది. పట్టాదారు గడిలో ఆసామి పేరు. అనుభవదారు గడిలోనూ ఆసామి పేరే. రెండు గళ్ళ మీదా వేలు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత డిప్లొమా కాగితం తిరగేసి, వెనకవైపు ఆ సర్వే నంబరు రాసుకుంది.