సంక్షోభంలో విద్యార్థి గది: ఉండే హక్కు, వెళ్లే హక్కు

ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా కేంద్రమైన మాయాబందర్‌లో మహాత్మా గాంధీ ప్రభుత్వ కళాశాల ఉంది. అక్కడ లేని కోర్సు చదవాలంటే శ్రీ విజయపురానికో (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్), సముద్రం దాటి చెన్నై, విశాఖపట్నాలకో వెళ్లి హాస్టల్లోనో అద్దె గదిలోనో ఉండాల్సిందే. 2020 మార్చి 25న లాక్‌డౌన్‌తో పాటే దేశీయ విమానాలు ఆగిపోయి, రెండు నెలల తర్వాత గానీ మొదలు కాలేదు. అలాంటి సమయంలో రెండు ప్రశ్నలు వస్తాయి. ఇంటికి చేరే దారి లేని విద్యార్థిని ఖాళీ చేయించవచ్చా? వెళ్లిపోయిన విద్యార్థి నుంచి, వాడని గదికి అద్దె వసూలు చేయవచ్చా?

మొదటి ప్రశ్నకు జవాబు త్వరగానే వచ్చింది. హైదరాబాద్‌లో పలు ప్రైవేటు హాస్టళ్లు ఖాళీ చేయమనడంతో వేలమంది ఆంధ్రప్రదేశ్‌కు బయల్దేరి, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు వద్ద చిక్కుకుపోయారు. హాస్టళ్లు మూయవద్దని తెలంగాణ ప్రభుత్వం ఆదేశించింది. కార్మికులను, విద్యార్థులను బలవంతంగా ఖాళీ చేయిస్తే విపత్తు నిర్వహణ చట్టం కింద చర్యలు తప్పవని మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వులిచ్చింది. అయితే నెల రోజులు అద్దె అడగరాదన్న వెసులుబాటు కార్మికులకే ఇచ్చింది. ఏప్రిల్‌లో తెలంగాణ మూడు నెలల ఇంటి అద్దెను వాయిదా వేసిందే తప్ప రద్దు చేయలేదు.

రెండో ప్రశ్నకు జవాబు ఒప్పందం స్వభావాన్ని బట్టి మారుతుంది. గదిని స్వాధీనం చేసే లీజుకు కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 56 (అసాధ్యమైన ఒప్పందం చెల్లదనే నిబంధన) వర్తించదని 1968లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 కింద నిప్పు, తుపాను, వరద వంటివి ఆస్తిని శాశ్వతంగా పనికిరాకుండా చేస్తేనే లీజు నుంచి బయటపడవచ్చు. లాక్‌డౌన్‌లో గదికి అలాంటి నష్టమేమీ జరగదు.

హాస్టల్, పీజీ వసతి సాధారణంగా లీజు కాదు, లైసెన్సు. ఇక్కడ సెక్షన్ 56 వాదనకు చోటుంది. ఒప్పందం చెల్లకుండా పోతే దాని కింద పొందిన లాభాన్ని తిరిగివ్వాలని సెక్షన్ 65 చెబుతోంది. కానీ ఐదారు వేల రూపాయల డిపాజిట్ కోసం కోర్టుకెక్కే విద్యార్థులు ఎందరుంటారు?

స్కాట్లాండ్ ఈ చిక్కును చట్టంతోనే విప్పింది. కరోనా కారణంగా విద్యార్థి వసతిని వదిలేవారికి, అప్పటికే ఉంటున్నవారైతే 7 రోజులు, తర్వాత ఒప్పందం చేసుకున్నవారైతే 28 రోజుల నోటీసు చాలని 2020 మేలో శాసనం చేసింది.

మన దేశంలో 2021 నాటి నమూనా అద్దె చట్టం, విపత్తు వేళ గడువు ముగిసిన అద్దెదారు అది తొలగాక మరో నెల ఉండవచ్చంటుంది. అంటే ఉండే హక్కుకు రక్షణ. వెళ్లే హక్కు మాత్రం అంత స్పష్టంగా లేదు. చట్టం మారేదాకా, చేరేటప్పుడే రెండు షరతులు రాయించుకోవడం మేలు: కళాశాల మూతపడితే చిన్న నోటీసుతో విడుదల, మిగిలిన అడ్వాన్సు వాపసు. రాకపోకలు ఆగితే ఊరే చేరలేని ద్వీపాల విద్యార్థులకు మూడోది కూడా కావాలి: ప్రయాణ సౌకర్యం మొదలయ్యే వరకు ఖాళీ చేయించరాదు.